పెళ్ళికి ముందు వధూవరులతో వాక్యం చదివించే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో పెండ్లికి ముందు పెద్దలు వధూవరులకు చెప్పే మాటలు చాలాసార్లు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయంలో భార్యలు భర్తలకు లోబడాలన్న 22వ వచనంతో మొదలై అక్కడే ముగుస్తాయి. ఈ పద్ధతి మార్చుకోవడం మంచిది.

వరుడు ఒడియా బడిలో చదివినవాడైతే తెలుగు మాట్లాడినా చదవలేకపోవచ్చు. వధువు మహేంద్రతనయ నదికి ఆవల ఆంధ్రలోనున్న పాతపట్నం నుంచి తెలుగు బైబిలుతో రావచ్చు. కనుక రెండు భాషల బైబిళ్ళనూ దగ్గర ఉంచుకొని, ఎవరిచేత వారి భాషలో పైకి చదివించండి.

మొదట 1 కొరింథీయులకు 7:3–5 తీయండి. భార్య దేహంపై భర్తకున్న అధికారమే భర్త దేహంపై భార్యకూ ఉందని పౌలు అక్కడ వ్రాశాడు. దీన్ని అప్పుపత్రంలా చూపి బలవంతం చేసేవారు లేకపోలేదు. అందుకే పరస్పర సమ్మతిని కోరే 5వ వచనం దగ్గర ఆగి, ఇష్టం లేదని చెప్పే స్వేచ్ఛ ఇద్దరికీ ఉంటుందా అని అడగండి. సిగ్గుపడితే పాస్టరుగారు వరుడితో, పాస్టరమ్మగారు వధువుతో విడిగా మాట్లాడిన తరువాత ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టవచ్చు. గంజాం జిల్లా నుంచి ఎందరో మగవారు సూరత్ మగ్గాల మీద పనికి వెళతారు గనుక, ఎడబాటు ఉభయుల సమ్మతితో కొంతకాలమే ఉండాలన్న ఆ మాట ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. ఎన్నాళ్ళకు వెళ్ళాలి, పంపిన డబ్బు అత్తగారి చేతికా భార్య ఖాతాకా, ఆమె పని చేసుకోవచ్చునా అన్నవి పెళ్ళికి ముందే తేల్చించండి.

తరువాత ఆదికాండము 3:16. భార్య వాంఛ, భర్త ఏలుబడి అక్కడ ముండ్లు, చెమటలతోపాటు పాప ఫలితాలుగా వస్తాయి. ముళ్ళు మొలుస్తాయన్నారని ఏ రైతూ కలుపు తీయడం మానడు. భూమిని ఏలుమన్న మాట మాత్రం 1:28లో ఇద్దరికీ దక్కింది.

ఎఫెసీ భాగాన్ని ఆఖరున, 21వ వచనం నుంచి 33 వరకు పూర్తిగా చదివించండి. అభిప్రాయభేదాన్ని దాచవద్దు: భర్త భార్యకు శిరస్సు, అంటే పెద్ద, అన్న ఏర్పాటు సృష్టిలోనే ఉందని 1987లో అమెరికాలో కొందరు ప్రొటెస్టెంటు నాయకులు రూపొందించిన డాన్వర్స్ ప్రకటన అంటుంది, లోబడడం పరస్పరమని 1988లో పోపు రెండవ జాన్ పాల్ వ్రాశారు. మీ సంఘం ఏ పక్షాన ఉన్నా, క్రీస్తువలె ప్రాణం పెట్టమన్న మాట భర్తకే చెప్పబడింది.

ఏ వచనమూ చేయి ఎత్తడానికి అనుమతి ఇవ్వదని వరుడి ఎదుటే చెప్పండి. దెబ్బలు తిన్న స్త్రీని లోబడమని తిరిగి పంపకండి. గృహహింస నుంచి రక్షణ కల్పించే 2005 నాటి చట్టం ఉంది. మహిళల సహాయానికి ఉన్న 181 నంబరును వధువు ఫోనులో ఆ రోజే ఎక్కించండి.