ఉద్యమాలకు అండగా ఒక టెక్ బృందం: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి?

కోడ్ రాయడం వచ్చినవాళ్లకు హైదరాబాద్‌లో, బెంగళూరులో కొదవ లేదు. కానీ ఒక కూలీల సంఘం ఈమెయిల్ లాక్ అయితే, ఆశా వర్కర్ల యూనియన్ పేజీని ఎవరో కాజేస్తే, ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తోచదు. ఈ రెండు వైపులనూ కలపడానికి నలుగురైదుగురు చాలు. పెద్ద సంస్థ పెట్టాల్సిన పని లేదు.

1. మనుషులను కూడగట్టండి

స్నేహితులతో మొదలుపెట్టండి. తెలుగు రాష్ట్రాల్లో 2005 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగే సాఫ్ట్‌వేర్) కోసం పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ లాంటి సంస్థలున్నాయి, ఇంజినీరింగ్ కాలేజీల్లో లినక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే బృందాలున్నాయి. ఆసక్తి ఉన్న పిల్లలు అక్కడ దొరుకుతారు. అందరూ ప్రోగ్రామర్లే కానక్కర్లేదు. తెలుగులో తేటగా రాయగలిగినవాళ్లు ఒకరు, ఓపిగ్గా ఫోన్‌లో మాట్లాడగలిగినవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి.

2. ల్యాప్‌టాప్ తెరవకముందు సంఘం మీటింగ్‌లో కూర్చోండి

ఇక్కడే చాలా బృందాలు తొందరపడతాయి. సంఘం అడగకముందే యాప్ మొదలుపెడతాయి, ఆర్నెల్లకు దాన్ని ముట్టుకునేవాళ్లే ఉండరు. సంఘం వాళ్లు చెప్పే సమస్య సాంకేతిక భాషలో ఉండదు. ‘డబ్బులు పడలేదు’ అంటారు, అంతే. ఆ డబ్బులు ఎక్కడ ఆగాయో వెతకడమే మీ పని.

ఉపాధి హామీ విషయంలో జరిగింది చూడండి. మస్టర్ (కూలీల హాజరు పట్టీ) ముగిశాక మండల స్థాయిలో చెల్లింపు ఉత్తర్వు తయారవడం మొదటి దశ. ఆ తర్వాత కేంద్రం నుంచి కూలీ ఖాతాలోకి సొమ్ము చేరడం రెండో దశ. ఆలస్యానికి ఇచ్చే పరిహారాన్ని మొదటి దశ వరకే లెక్కగట్టేవారు. ఇంజినీర్లు, పరిశోధకులు, సామాజిక కార్యకర్తలు కలిసి నడిపే లిబ్‌టెక్ ఇండియా బృందం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించే సమాచారాన్నే తీసుకుంది. 2016-17కు సంబంధించి పది రాష్ట్రాల్లో 90 లక్షలకు పైగా చెల్లింపులను పరిశీలించి, రెండో దశ ఆలస్యం లెక్కలోకే రావడం లేదని చూపించింది. ఆ దశ ఆలస్యానికి బాధ్యత నుంచి కేంద్రం తప్పించుకోలేదని 2018 మేలో, స్వరాజ్ అభియాన్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ లెక్కకు లిబ్‌టెక్ వాళ్లకు కొత్త యాప్ అవసరం పడలేదు. కూలీలు చెప్పింది నమ్మి, లెక్క తీశారు.

3. పనిముట్లు తక్కువగా, అందరికీ అర్థమయ్యేలా

ఏజెన్సీ గ్రామాల్లో సర్వే చేయాలంటే కోబో టూల్‌బాక్స్ బాగుంటుంది. సిగ్నల్ లేని చోట ఫోన్‌లోనే ఫారం నింపి, సిగ్నల్ అందాక పంపవచ్చు. కలిసి ఒక పత్రం రాయాలంటే క్రిప్ట్‌ప్యాడ్ వాడండి. రాసింది ఆ సర్వర్ నడిపేవాళ్లు కూడా చదవలేరు.

వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి నంబరూ మిగతావాళ్లకు కనిపిస్తుంది. రెండు వందల మంది ఉన్న గ్రూపులో ఒక్కరి ఫోన్ పోయినా అన్ని నంబర్లూ బయటపడ్డట్టే. సమ్మె నోటీసు ఇచ్చిన మహిళల నంబర్లు అలా బయటికి పోతే రాత్రిపూట వచ్చే ఫోన్ల టెన్షన్ ఎలా ఉంటుందో వాళ్లనే అడగండి. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో 2024 నుంచి యూజర్‌నేమ్ పెట్టుకుని నంబర్ చూపించకుండా మాట్లాడవచ్చు. అందరినీ ఒకేసారి మార్చాలని చూడకండి. ముందు కమిటీ సభ్యులు, తర్వాత మిగతావాళ్లు.

4. తాళాలు సంఘం చేతిలోనే ఉండాలి

నాకు అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. వెబ్‌సైట్ పేరును ఎవరో కుర్రాడు తన సొంత ఈమెయిల్‌తో కొంటాడు, ఉద్యోగం వచ్చి వేరే దేశం వెళ్తాడు, గడువు తీరిపోతుంది, కొన్నాళ్లకు ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. సంఘం పదేళ్ల చరిత్ర అక్కడితో మాయం.

కాబట్టి డొమైన్ (వెబ్‌సైట్ పేరు), హోస్టింగ్ (సైట్‌ను ఉంచే సర్వర్ చోటు), సోషల్ మీడియా ఖాతాలన్నీ సంఘం ఈమెయిల్ మీదే తీసుకోండి. పాస్‌వర్డ్ ఇద్దరు ఆఫీస్ బేరర్ల దగ్గర ఉండాలి. రికవరీ కోడ్‌లు (ఖాతా లాక్ అయితే తిరిగి తెరిచే అంకెలు) ప్రింట్ తీసి సంఘం ఆఫీసు బీరువాలో, సభ్యత్వ రసీదు పుస్తకాల పక్కన పెట్టండి. రెన్యువల్ తేదీని మినిట్స్ పుస్తకంలో రాయించండి. తర్వాత ఒకసారి మీరు పక్కన కూర్చుని, చేయి పెట్టకుండా, వాళ్ల చేతనే లాగిన్ చేయించండి. ఎక్కడ తడబడితే అక్కడ మీరిచ్చిన సూచనలను తిరగరాయండి.

5. ఇంటర్నెట్ నియమాలు మారేటప్పుడు నోరు విప్పండి

2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఇంటర్నెట్ సేవలను ఎలా నియంత్రించాలో జనాన్ని అడుగుతూ 118 పేజీల సంప్రదింపుల పత్రం విడుదల చేసింది. అందులో 20 ప్రశ్నలు. వాటిని మామూలు మనిషి చదవలేడని గ్రహించిన వలంటీర్లు సులువైన మాటల్లోకి తెచ్చి, జవాబులు రాసి, ఒక్క క్లిక్‌తో పంపే ఏర్పాటు చేశారు. ‘సేవ్ ది ఇంటర్నెట్’ పేరుతో పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. డేటా ధరల్లో వివక్షను, అంటే ఒక్కో సైట్‌కు ఒక్కో ధర పెట్టడాన్ని నిషేధిస్తూ 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిబంధనలు తెచ్చింది. కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే తన ఫ్రీ బేసిక్స్‌ను ఫేస్‌బుక్ భారత్‌లో ఆపేసింది.

మీరు కూడా ఇలాంటిది చేయవచ్చు, కానీ రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఒకటి, అడిగిన ప్రశ్నకే జవాబివ్వండి. ఫ్రీ బేసిక్స్ తరఫున లక్షల సందేశాలు వచ్చినా, అవి తన ప్రశ్నలకు జవాబులు కావని ట్రాయ్ అప్పట్లో తేల్చి చెప్పింది. రెండు, మీ ఈమెయిల్ చిరునామా బయటపడవచ్చు. 2015లో అభిప్రాయాలతో పాటు లక్షల మంది చిరునామాలు ట్రాయ్ సైట్‌లో ప్రత్యక్షమయ్యాయి. ఈ సంగతి జనానికి ముందే చెప్పండి, లేదా సంఘం పేరు మీద ఒకే లేఖ పంపండి. అందులో సభ్యుల అనుభవాలు రాయండి. నెట్ ఆపేసిన రోజు హాజరు నమోదు కాక కూలి పోయినవాళ్లు ఉంటే, తేదీతో సహా వాళ్ల మాటల్లోనే చేర్చండి.

6. వారానికి ఎన్ని గంటలో ముందే చెప్పండి

‘ఎప్పుడైనా ఫోన్ చేయండి’ అనకండి. వారంలో ఒక సాయంత్రం రెండు గంటలు అని చెప్పి, ఆ రెండు గంటలూ తప్పకుండా ఉండండి. ఒకరు మానుకుంటే పని ఆగకుండా ప్రతి సంఘానికీ ఇద్దరు బాధ్యులు ఉండాలి. సర్వర్ ఖర్చులు చందాలతోనే వెళ్లదీసుకోండి, ఆ లెక్క అందరికీ చూపించండి. మూడు నెలలకోసారి సంఘం వాళ్లను పిలిచి, మీరు చేసిన వాటిలో ఏవి వాడుతున్నారో అడగండి. వాడనివి అక్కడే మూసేయండి. అందులో ఉన్న సభ్యుల వివరాలు తుడిచేశాకే లేవండి.