సంతోషానికి ఏ దేశం ఎంత ఖర్చు పెడుతోంది? నల్లబల్ల మీద ఒక లెక్క

పదో తరగతి సోషల్‌లో అభివృద్ధి పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలతో ఈ లెక్క చేయిస్తాను. ఒక్క పీరియడ్ చాలు. మీ ఇంట్లో పిల్లలతో మీరూ చేయించొచ్చు.

ముందు ఒక నిచ్చెన గీయండి. కింద 0, పైన 10. మీకు దక్కగల అత్యంత మంచి బతుకు పదో మెట్టు, అన్నిటికన్నా అధ్వానమైంది సున్నా. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? సర్వేలు చేసే గాలప్ సంస్థ దేశదేశాల జనాన్ని అడిగే ప్రశ్న ఇదే. 2025 ప్రపంచ సంతోష నివేదికలో సగటున మధ్య అమెరికాలోని చిన్న దేశం కోస్టారికా 7.27 దగ్గర, అమెరికా 6.72 దగ్గర, మనం 4.39 దగ్గర ఉన్నాం.

దీన్ని సగటు ఆయుర్దాయంతో గుణించి 10తో భాగించండి. కోస్టారికాకి 81 ఏళ్లు, అమెరికాకి 79, మనకి 72 వేసుకోండి. 59, 53, 32 వస్తాయి. ఇవి హాయిగా బతికిన ఏళ్లు అనుకోండి.

ఇక ఖర్చు. ఇక్కడ ఖర్చంటే డబ్బు కాదు, పొగ. తలకి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్: కోస్టారికా సుమారు ఒకటిన్నర టన్నులు, అమెరికా 14, మనం 2. హాయిగా బతికిన ఏళ్లని ఈ టన్నులతో భాగిస్తే కోస్టారికాకి 39, అమెరికాకి 4 కూడా నిండదు, మనకి 16.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. "అయితే మనం అమెరికా కంటే నాలుగు రెట్లు మేలా సార్?" అని మొన్న ముందు బెంచీ అమ్మాయి అడిగింది. కాదు. పొగ తక్కువైతే చాలు, ఈ లెక్క మార్కులు కుమ్మరిస్తుంది. ఏసీ కొనలేక ఉక్కలో పడుకోవడం పొదుపు కాదు, లేమి. అందుకే ముందు హాయిగా బతికిన ఏళ్ల అంకె చూడండి, తర్వాతే భాగించండి. 2006లో లండన్‌లో మొదలైన హ్యాపీ ప్లానెట్ ఇండెక్స్‌లో ఇదే లెక్కని కొన్ని సవరణలతో వేస్తారు. 2024 జాబితాలో పసిఫిక్ ద్వీపదేశం వనౌటు మొదటిది, కోస్టారికా నాలుగోది.

తర్వాత కారణాలు వెతికించండి. నాకు ఇష్టమైన భాగం ఇదే. కోస్టారికా 1948లోనే సైన్యాన్ని రద్దు చేసుకుంది. చదువుకి, వైద్యానికి గట్టిగా ఖర్చు పెట్టింది. కొన్ని వేల మందికి ఒకటి చొప్పున చిన్న వైద్య బృందాలున్నాయి. వాటిలోని కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి బీపీ చూస్తారు, టీకాలు వేయించారా అని అడుగుతారు. కరెంటు దాదాపు అంతా నదుల నుంచి, గాలి నుంచి, భూమి లోపలి వేడి నుంచి వస్తుంది.

చివరగా, పొగ పెంచకుండా మనల్ని ఒక మెట్టు ఎక్కించేది ఏదో పేరు లేకుండా చీటీ మీద రాయమనండి. మొన్న నా చేతికొచ్చిన ఒక చీటీలో ఇలా ఉంది: "మా ఊరి ఆసుపత్రిలో రాత్రి కూడా నర్సమ్మ ఉండాలి."