ఇటుక ఫైర్‌ప్లేస్‌కి చెక్క మాంటెల్: స్క్రూ దిగాల్సింది ఇటుకలోకే

ఫైర్‌ప్లేస్ పైన గోడకు మాంటెల్, అంటే అలమర పలకలా ముందుకొచ్చే చెక్క, బిగించడం: అమెరికాలో పాత ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది మొదట చేసే చెక్కపని ఇదే. ఎక్కువమంది పాడుచేసే పని కూడా ఇదే. మా స్నేహితులింట్లో దసరా బొమ్మలకొలువుకి రెండు రోజుల ముందు మాంటెల్ ఒక పక్కకు ఒరిగింది. విప్పి చూస్తే ఆరు స్క్రూలూ ఇటుకల మధ్య సిమెంటులోనే ఉన్నాయి.

ముందు ఎత్తు తేల్చుకోండి. అక్కడ చాలాచోట్ల అమల్లో ఉన్న రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం, ఇటుకతో కట్టిన ఫైర్‌ప్లేస్ నోటి చుట్టూ 6 అంగుళాల లోపల చెక్క ఉండకూడదు. 12 అంగుళాల లోపల ఉంటే, దూరం ఒక్కో అంగుళానికి 1/8 అంగుళం మించి ముందుకు రాకూడదు. అంటే 12 దగ్గర ఒకటిన్నర అంగుళమే. మన మాంటెల్ 8 అంగుళాలు ముందుకొస్తుంది కాబట్టి దాని అడుగు నోటికి 13 అంగుళాల పైన పెట్టండి. మీ ఊరి నిబంధన ఇంకా కఠినంగా ఉంటే దాన్నే పాటించండి. లోపల ఉన్నది ఫ్యాక్టరీలో చేసిన రేకు పెట్టె అయితే ఈ లెక్కలు వదిలేసి దాని మాన్యువల్ చూడండి.

చెక్క: 1×8 పైన్ పలకలు రెండు, 1×6 ఒకటి, గోడకు బిగించి మాంటెల్‌ని మోసే వెనక బద్దకి 2×4 ఒకటి. ఇవి దుకాణంలో పిలిచే పేర్లే, అసలు కొలత తక్కువ: 1×6 అంటే 3/4 మందం, 5 1/2 వెడల్పు. రెండు వారాలు ఇంట్లోనే ఆరనివ్వండి. నిండు దుంగ వద్దు. బరువెక్కువ, ఆరేకొద్దీ పగుళ్లిస్తుంది. మూడు పలకల డొల్ల పెట్టె బయటికి దుంగలాగే కనిపిస్తుంది. పైన, కింద 1×8, వాటి అంచులు మూసేలా ముందు 1×6, రెండు చివర్లా మూత ముక్కలు. జిగురు, మేకులు, అంతే. స్టెయిన్, అంటే చెక్కకు పూసే రంగు, గోడకెక్కించక ముందే వేయండి. లోపల 4 అంగుళాల ఖాళీ వస్తుంది, మూడున్నర అంగుళాల బద్ద అందులో సులువుగా దూరుతుంది. 60 అంగుళాల మాంటెల్‌కి బద్ద 57 చాలు.

ఇక అసలు పని, బద్దని గోడకు బిగించడం. తొందర పనికిరాదు.

బద్ద పైఅంచు నోటికి 17 3/4 అంగుళాల పైన రావాలి. గీత లెవెల్‌తో, అదే మన మేస్త్రీల రసమట్టంతో గీయండి. ఇటుక వరసని నమ్మొద్దు, అది వంకరగానే ఉంటుంది. ఆ బద్ద వెనక ఎక్కడో ఒక ఇటుక నడిమి భాగం తప్పక వస్తుంది. స్క్రూ అక్కడే దిగాలి. అది బద్ద అంచుకు మరీ దగ్గరగా పడితే గీత అర అంగుళం పైకి జరపండి.

ఇటుకల మధ్య సిమెంటులో రంధ్రం వేస్తే తర్వాత పూడ్చుకోవచ్చని చాలామంది చెబుతారు. మాంటెల్ వెనక ఆ రంధ్రాన్ని చూసేదెవరు? ఆ సందు వెడల్పు 3/8 అంగుళం, మన స్క్రూ పావు అంగుళం. పాత ఇళ్లలో ఆ గార గోటితో గీరినా రాలుతుంది.

పావు అంగుళం టాప్‌కాన్ స్క్రూలు (ఇటుక, కాంక్రీటులోకి నేరుగా దిగేవి) వాడండి, పొడవు 2 3/4. ఇటుకలో రంధ్రానికి బిట్ పావు అంగుళం కాదు, 3/16. ఈ ఒక్క తప్పుతో ఎన్ని గోడలు పాడయ్యాయో! చెక్కలో మాత్రం పావు అంగుళం రంధ్రం ముందే వేసుకోండి. ఇటుకలో లోతు 1 3/4, బిట్ మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. హ్యామర్ డ్రిల్ మెల్లగా, గోడకు లంబంగా పట్టండి. పాత మెత్తటి ఇటుకైతే హ్యామర్ ఆపేసి మామూలుగా తిప్పండి, లేదంటే పగులుతుంది. బిట్ ఒక్కసారిగా లోపలికి జారితే ఇటుకలో డొల్ల తగిలినట్టు. ఆ రంధ్రం వదిలేసి పక్క ఇటుకకు వెళ్లండి. ఎన్95 మాస్క్ లేకుండా మొదలుపెట్టొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ప్రతి రంధ్రాన్నీ వ్యాక్యూమ్‌తో శుభ్రం చేయండి. పొడి మిగిలితే స్క్రూ పట్టదు. ముందు ఒక చివర బిగించి, లెవెల్ చూసి, రెండో చివర. తర్వాత మధ్యలో నాలుగు. ఇంపాక్ట్ డ్రైవర్ వద్దే వద్దు. చివరి రెండు చుట్లు చేత్తోనే తిప్పండి. అతిగా తిప్పితే లోపలి మర అరిగిపోతుంది, ఆ రంధ్రం మళ్లీ పనికిరాదు. అయ్యాక రెండు చేతులతో బద్ద మీద బరువంతా మోపి చూడండి. కదిలితే మాంటెల్ ఎక్కించొద్దు.

జిగురొక్కటే పూసి అతికించేవాళ్లున్నారు. పొయ్యి పైన వేడికీ బరువుకీ దాన్ని నేను నమ్మను.

పెట్టెని బద్ద మీదికి తోసి, పైనుంచి 2 అంగుళాల స్క్రూలు అడుగుకొకటి వేయండి. ఇటుక ఎగుడుదిగుళ్ల దగ్గర సందు కనిపిస్తే, వృత్తలేఖినితో గోడ వంపుని పలక మీద గీసుకుని ఆ గీతకి చెక్కండి.

స్టెయిన్ వాసన పూర్తిగా పోయాకే మంట వేయండి, అదీ చిన్నది. అరగంటయ్యాక మాంటెల్ అడుగున అరచెయ్యి ఆనించండి. పెట్టలేనంత వేడిగా ఉంటే మంట ఆపి, చిమ్నీ పనివాణ్ణి పిలిచి చూపించేదాకా మళ్లీ వెలిగించకండి.