ఫస్ట్ ర్యాంకు రాని తెలివైన పిల్లల్ని పట్టుకోవడం ఎలా?

మార్కుల రిజిస్టరు కాసేపు పక్కన పెట్టండి. క్లాసు ఫస్టు వచ్చే పిల్ల చాలాసార్లు బాగా కష్టపడే పిల్ల, అసాధారణ తెలివి ఉన్నవాళ్లు మాత్రం ఎక్కడైనా ఉండొచ్చు, చివరి బెంచీలో కిటికీలోంచి బయటికి చూస్తూ కూడా. రామానుజన్ సంగతే చూడండి, కుంభకోణం కాలేజీలో లెక్కలు తప్ప మిగతావి పట్టించుకోక స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు.

ముందు ప్రశ్నలు గమనించండి. భిన్నాల భాగహారంలో రెండోదాన్ని తిరగేసి గుణించమంటే అందరూ తిరగేస్తారు, ఒకడు మాత్రం "ఎందుకు తిరగెయ్యాలి సార్?" అంటాడు. వాణ్ణి కసిరి కూర్చోబెట్టకండి. స్టెప్పులు లేకుండా జవాబు వేస్తే కాపీ కొట్టాడని తేల్చేసే ముందు, ఎలా వచ్చిందో నోటితో చెప్పమనండి. ఇంగ్లీషులో నోరు మెదపని పిల్లని అదే ప్రశ్న తెలుగులో అడగండి, నేనైతే ఇలా ఓసారి అవాక్కయ్యాను. అక్షరదోషాలు కుప్పలుగా ఉన్నా లెక్కల్లో దూసుకుపోయేవాళ్లు ఉంటారు.

ఇక అల్లరి. ఇచ్చిన పది లెక్కలు ఐదు నిమిషాల్లో అయిపోతే పక్కవాణ్ణి గిల్లక ఏం చేస్తాడు! అలాంటివే ఇంకో పది ఇవ్వడం శిక్షే. ఒక్కటే, కాస్త ముదురుది ఇవ్వండి, లేదా వాణ్ణే కొత్త లెక్క తయారుచేయమనండి.

సర్కారు బడిలో ఎనిమిదో తరగతైతే, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకపోతే ఎన్ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) పరీక్ష రాయించండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు. అందులో మెంటల్ ఎబిలిటీ పేపరు కూడా ఉంటుంది, క్లాసు మార్కుల్లో దొరకనివాళ్లు కొందరు అక్కడ బయటపడతారు.