కొత్త ఫిష్ ఫైండర్ సరిగా చూపించడం లేదా? ముందు ఇవి చూడండి

కొత్తగా ఫిష్ ఫైండర్ (నీళ్ల లోతునీ, కింద ఉన్న చేపల్నీ చూపించే పరికరం) బిగించాక స్క్రీన్ మీద ఏ తేడా కనిపించినా చెయ్యి ముందు సెట్టింగ్స్ మీదకే పోతుంది. కాసేపు వాటిని ముట్టుకోకండి. తప్పు చాలావరకు పడవ వెనక నీళ్లలో ఉండే ట్రాన్స్‌డ్యూసర్ దగ్గరే ఉంటుంది. అది పంపే శబ్దం నీళ్లలో సెకనుకు దాదాపు 1500 మీటర్ల వేగంతో అడుగుకి వెళ్లి తిరిగొస్తుంది. మధ్యలో గాలి బుడగలు అడ్డొస్తే ఇక రాదు.

పడవ నెమ్మదిగా వెళ్తే లోతు చూపిస్తుంది, వేగం పెంచగానే పోతుంది

కొత్తవాళ్లని ఎక్కువగా ఏడిపించేది ఇదే. కారణం బుడగలు. ట్రాన్స్‌డ్యూసర్ ప్రొపెల్లర్‌కి మరీ దగ్గరగా ఉన్నా, పడవ అడుగున ఉన్న రివెట్లకో గట్లకో సరిగ్గా వెనక పడినా దాని కిందికి నురగ చేరుతుంది. ఇంకొకరిని నడపమని మీరు వెనక్కి తిరిగి నీళ్లు చూడండి, కొన్నిచోట్ల తెల్లగా నురగలు కక్కుతూ, కొన్నిచోట్ల నున్నగా జారిపోతుంటాయి. ఆ నున్నటి చోటుకి మార్చండి, ప్రొపెల్లర్‌కి కనీసం 15 అంగుళాల దూరం ఉండాలి. దాని ముఖం పడవ అడుగుకంటే కాస్త కిందికి ఉండాలి, మరీ దించితే నీళ్లు పైకి చిమ్ముతాయి. బ్రాకెట్‌ని కొంచెం కొంచెంగా జరుపుతూ ప్రతిసారీ నడిపి చూడండి, సరైన చోటు తేలాకే పడవకి కొత్త రంధ్రాలు వేసే సంగతి.

ఆగి ఉన్నా లోతు రావడం లేదు

ముఖం మీద గ్రీజో పాకురో ఉండొచ్చు. గిన్నెలు తోమే సబ్బుతో మెత్తగా కడగండి. పడవ లోపలి నుంచి అతికించే రకమైతే గట్టి ఫైబర్‌గ్లాస్ మీదే పనిచేస్తుంది, చెక్క మీదా అల్యూమినియం మీదా పనికిరాదు. జిగురులో బుడగ మిగిలినా అంతే.

ఒడ్డున ఉన్నా చేపలు కనిపిస్తున్నాయంటే అది డెమో మోడ్‌లో, అంటే నమూనా బొమ్మలు చూపించే సెట్టింగ్‌లో ఉంది, దాన్ని ఆపేయండి.

చేప వంపులా కాకుండా పొడవాటి గీతలా వస్తోంది

ఇది తప్పే కాదు. ట్రాన్స్‌డ్యూసర్‌కీ చేపకీ మధ్య దూరం మారితేనే వంపు వస్తుంది. పడవా కదలక, కింద చేపా కదలకపోతే దూరం మారదు, గీతే వస్తుంది. కుడి అంచున ఉన్నదే ఈ క్షణంలో కింద ఉన్నది, మిగతాదంతా గడిచిపోయినది. ఇంకో మాట, శబ్దం కిందికి కోన్‌లా వెడల్పవుతూ పోతుంది. అది 20 డిగ్రీల కోన్ అయితే 10 మీటర్ల లోతులో పరిచే వలయం దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పు, కాబట్టి కనిపించిన చేప సరిగ్గా మీ కిందే ఉందనుకోకండి.

స్క్రీన్ నిండా చుక్కలు, గీతలు

ఇంజిన్ ఆపితే పోతున్నాయా? అయితే కరెంటు వైర్ల గొడవ. ఫ్యూజ్ పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా కనెక్షన్ ఇవ్వండి, ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్‌ని ఇంజిన్ వైర్లకి దూరంగా లాగండి. ఆపినా పోకపోతే అప్పుడు సెన్సిటివిటీ (ఎంత చిన్న ప్రతిధ్వనిని చూపించాలో చెప్పే సెట్టింగ్) తగ్గించండి. దగ్గర్లో ఇంకో ఫిష్ ఫైండర్ నడుస్తున్నా ఇలాగే వస్తుంది.

ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఫిష్ ఫైండర్ ఆఫ్ అవుతోంది

స్టార్టర్ లాగేటప్పుడు వోల్టేజ్ పడిపోతుంది. ఇంజిన్ అందుకున్నాక ఆన్ చేయండి, వీలైతే దీనికి వేరే బ్యాటరీ పెట్టండి.

6 మీటర్ల దగ్గర అడుగు, 12 దగ్గర మళ్లీ ఇంకో అడుగు

టెన్షన్ పడకండి. కింద నేల గట్టిగా ఉంటే శబ్దం పైకొచ్చి, నీటి పైభాగాన్ని తాకి, మళ్లీ దిగి వస్తుంది. పైనున్నదే అసలు లోతు.