ఈవీఎంల లోడు తోలే తమ్ముళ్లకు

పలాస నుంచి జీడిపప్పు తోలినట్టు ఈ లోడు తోలితే కుదరదు. 2024 మే 13 పోలింగుకి ముందు ఈవీఎంల బండి తోలాను కాబట్టి చెబుతున్నాను.

ముందు బండి చూసుకోండి. మూసి ఉన్న కంటైనర్ కావాలి. స్టెపినీలో గాలి, జాకీ, ట్యాంకు నిండా డీజిల్. లోడింగ్ అయ్యాక తలుపుకి తాళం వేసి కాగితం సీలు అంటిస్తారు, పార్టీల వాళ్లు నిలబడి చూస్తారు. ఆ సీలు మీద చెయ్యి వెయ్యకండి. తలుపు సరిగ్గా పడలేదనిపిస్తే అధికారికి చెప్పండి.

బండికి జీపీఎస్ ఉంటుంది. అసలు తంటా అక్కడే. నరసన్నపేట దాటాక టీ తాగాలనిపించి అలవాటుగా పక్కకి తీశాను. అంతే, జీపీఎస్‌లో చూస్తున్న అధికారుల నుంచి ఫోను: 'ఎందుకు ఆగావు?' వెనక జీపులోంచి పోలీసులు కూడా దిగిపోయారు. ఆ టెన్షన్‌లో టీ సంగతే మరిచాను. అందుకే ఫ్లాస్కు, నీళ్లు, పులిహోర పొట్లం క్యాబిన్‌లోనే పెట్టుకోండి. పంచరైనా సరే, ముందు ఎస్కార్టుకి చెప్పాకే దిగండి.

వీవీప్యాట్‌లో, అంటే ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే మెషిన్‌లో, కాగితం చుట్ట ఉంటుంది. దారిలో అది కదలకుండా వెనకున్న నాబ్ అడ్డంగా తిప్పి పంపుతారు. స్పీడు బ్రేకర్ల దగ్గర మెల్లగా ఎక్కించి దించండి.

టోల్ గేటు దగ్గర ఎవరైనా 'ఏటి లోడు?' అంటే 'గవర్నమెంటు సరుకు' అనండి, చాలు. ఇంట్లో కూడా రూటు చెప్పకండి. (మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి.) లోడు దించాక లాగ్ బుక్కులో టైము రాయించి సంతకం పెట్టించుకోండి. బాడుగ అడిగేటప్పుడు అదే పనికొస్తుంది.