వైరో పుస్తకం స్టాండు మీద నిలబడకపోతే

తిరుపతిలో మా బైండింగ్ పనికి అసలు సీజన్ నవంబరు, డిసెంబరు. టేబుల్ క్యాలెండర్లు, పూజగదిలో ఎదురుగా నిలబెట్టి చదువుకునే స్తోత్రాల పుస్తకాలు, హోటల్ కౌంటర్ మీది మెనూలు, అన్నీ అప్పుడే వచ్చిపడతాయి. వానలూ అప్పుడే. వీటిని వైరో పద్ధతిలో కడతాం: అంచున రంధ్రాలు కొట్టి, తీగ చుట్టను దూర్చి, నొక్కి మూస్తాం. గుడారంలా నిలబడే అట్ట స్టాండును కూడా అందులోనే కలిపి కడతాం.

పేజీ తిప్పుతుంటే పట్టేస్తోంది

అందరూ స్టాండును అనుమానిస్తారు. తప్పు మాత్రం వైరుది. పుస్తకం మందం చూసి వైరు తెస్తాం. స్టాండు ముందు అట్ట, వెనక అట్ట కూడా అదే వైరులో దూరాలన్నది మర్చిపోతాం. పుస్తకం 5 మి.మీ., 1.5 మి.మీ. అట్టలు రెండు కలిపి 3, మొత్తం 8. పేజీ తిరగడానికి ఇంకో 3 మి.మీ. ఖాళీ కావాలి. అంటే 11 మి.మీ. వ్యాసం ఉన్న వైరు. మొదట్లో నేను 8 మి.మీ. వైరుతో వంద స్తోత్రాల పుస్తకాలు కట్టేశాను. మూసి ఉంటే ముచ్చటగా ఉన్నాయి, తిప్పితే రంధ్రాల దగ్గర చిరిగాయి. ఒకసారి నొక్కిన వైరు మళ్లీ పనికిరాదు కాబట్టి అన్నీ కటింగ్ ప్లేయరుతో కోసి, పెద్ద వైరు వేసి ఇచ్చాను. లాభం అక్కడే పోయింది.

పేజీలు ఊడి వస్తోంటే వైరు నోరు, అంటే చుట్ట చివరలు కలిసే చోటు, సరిగా మూసుకోలేదన్నమాట. మళ్లీ నొక్కండి. ఆ నోరు రెండు అట్టల మధ్య, లోపలికి ఉండాలి. పేజీలు తిరిగే దారిలో ఉండకూడదు.

గాలికి పడిపోతోంది

స్టాండు అడుగు భాగం వెడల్పు చాలలేదు. 15 సెం.మీ. ఎత్తు అట్టకు నేను 8 సెం.మీ. అడుగు ఇస్తాను. 12 ఇస్తే పుస్తకం నిలబడినట్టు కాక పడుకున్నట్టుంటుంది. అడుగు అట్ట లేని స్టాండుకు కాళ్లు జారి చాచుకోకుండా లోపల రిబ్బన్ అంటించండి.

అట్ట విల్లులా వంగింది

ఒకవైపే కాగితం అంటిస్తే తడి గమ్ము ఆరేటప్పుడు అట్టను అటు లాగుతుంది. రెండోవైపూ కాగితం వేసి, బరువు కింద రాత్రంతా ఉంచండి. మా వానల్లో రెండు రాత్రులు.

ఇంకో కారణం గ్రెయిన్, అంటే అట్టలో నారలు సాగిన దిక్కు. అరచేతంత చదరపు ముక్కను రెండు దిక్కులా వంచి చూడండి. సులువుగా వంగినప్పుడు వచ్చే గొట్టం పొడవు ఎటుంటే గ్రెయిన్ అటు. మడిచే పలుచని కార్డుకు గ్రెయిన్ మడత వెంబడి ఉండాలి, లేకుంటే మడతలో పగులుతుంది. మందపాటి గ్రే బోర్డును అసలు మడవకండి. ముందు, వెనక, అడుగు అని మూడు ముక్కలు కోసి, ముక్కల మధ్య 4 మి.మీ. సందు వదిలి, బైండింగ్ గుడ్డతో అతకండి. అప్పుడు గ్రెయిన్ నిలువుగా ఉంటే అట్ట గట్టిగా నిలుస్తుంది.

డెలివరీకి ముందు కట్టిన పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టి, పేజీలన్నీ వెనక్కి తిప్పి, ఫ్యాను ఐదులో పెట్టండి. అప్పటికీ నిలబడితేనే మిగతావి ప్యాక్ చేయండి.